పంటి మాట విన్న రాజలింగన్న

తుకుం రాజలింగన్న వెళ్ళిపోయాడు. ఆ సమయంలో నేను ఆయనకు రెండడుగుల దూరంలో ఉన్నాను. అయినా ఆ సంగతి అందరికంటే ఆఖరున అర్థమైంది నాకే.

వైశాఖపు ఎండ అప్పుడే షెడ్డు రేకుల మీద చిటపటలాడుతోంది. భాస్కర్రావు పటేల్ కాంటెస్సా కారు చక్రాలు ఊడదీసుకుని స్టాండ్ల మీద నిలబడి ఉంది. దాని వెనక ఇరుసు విప్పి గేర్లు మారుస్తున్నాం. రాజలింగన్న వంగి, గేరు పళ్ళ మీద పడిన మచ్చను చాలాసేపు చూసి, "పోచం, ఒక పొర తియ్యాలె" అన్నాడు. వెళ్ళి పాత టైరు మీద కూర్చున్నాడు. చాయ్ చెప్పమన్నాడు. చాయ్ వచ్చాక నేను చేతికిస్తే అందుకోలేదు. "ఏందన్నా, చక్కెర తక్కువైందా? మొఖం అటు తిప్పుకున్నవ్?" అని నేను పరాచికాలాడాను. ఇరవై ఆరేళ్ళలో నా ఒక్క మాటనూ జవాబు లేకుండా వదలని మనిషి ఆ ఉదయం వదిలేశాడు. అప్పుడు వంగి ఆయన మొహంలోకి చూశాను. ఆటోలో ఆసుపత్రికి చేర్చేసరికే ఆ దీపం ఆరిపోయి చాలాసేపైందని డాక్టరు చెప్పాడు. చాయ్ గ్లాసు ఇంకా నా చేతిలోనే ఉంది. ఎందుకు పట్టుకెళ్ళానో నాకే తెలియదు.

మన తెలుగు సంఘం పెద్దలు ఆయన మీద నాలుగు మాటలు రాయమన్నారు. ఎట్లా రాయాలో కూడా చెప్పారు: మహనీయుడు, మృదుభాషి, అజాతశత్రువు. చివరి మాటకు అర్థం అడిగి తెలుసుకున్నాను. శత్రువులే పుట్టనివాడట. అయ్యా, మన్నించండి. రాజలింగన్నకు శత్రువులు పుట్టారు, పెరిగారు, కొందరు కార్లు కూడా కొన్నారు. నాకు తెలిసినవాళ్ళే పదకొండుమంది. వాళ్ళలో నలుగురు అంత్యక్రియలకు వచ్చి నాకంటే గట్టిగా ఏడ్చారు. ఇక మృదుభాషి అన్నారంటారా, ఆయన మృదువుగా మాట్లాడింది ఒక్క ఇనుముతోనే. అందుకని మీరు చెప్పినట్టు రాయలేను. ఉన్నది ఉన్నట్టు రాస్తాను. నేను మరాఠీ బడిలో ఏడో తరగతి దగ్గరే ఆగినవాణ్ణి. తెలుగక్షరాలు ఆయన షెడ్డులోనే, డబ్బాల మీద రాసి ఉన్న పేర్లు చదివి నేర్చుకున్నాను. తప్పులుంటే ఆయన ఖాతాలో వేయండి. వచ్చి తిట్టడానికి ఇప్పుడు ఆయనకు కుదరదు.

ఆయన తండ్రి మంచిర్యాల వైపు నుంచి ఈ మరాఠీ నేల మీది బొగ్గుగనిలో పనికి వచ్చాడు. కొడుకు గనిలోకి దిగలేదు. బొగ్గు లారీలు బాగుచేసే ఒక కంట్రాక్టరు షెడ్డులో చేరి, గేర్ల పనిలో చెయ్యి తిరిగినవాడయ్యాడు. ఆ కంట్రాక్టరుకు ఒకసారి పాత లారీలు అమ్మేయాలనిపించింది. వెనక ఇరుసులన్నీ అరిగి ఊళపెడుతున్నాయి. సూపర్వైజరు వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "రాజలింగూ, ఒక్కొక్క ఇరుసుల రెండు పిడికిళ్ళు రంపపు పొట్టు వెయ్యి. కొనేటోడు వాని ఊరు చేరేదాక సప్పుడు రాదు." ఆ మోసం ఈ వృత్తిలో అందరికీ తెలిసిందే. పొట్టు నూనెను పీల్చి గేర్ల సందుల్లో మెత్తగా దిగబడుతుంది, నాలుగు రోజులు నోరు మూయిస్తుంది, తర్వాత గేర్లనే మింగేస్తుంది. రాజలింగన్న పొట్టు బస్తా వైపు చూసి, సూపర్వైజరు వైపు చూసి, "సార్, గిది మీ నోట్ల వేస్తే మీ సప్పుడు గూడ బందైతది. ఎయ్యమంటరా?" అన్నాడట. ఆ సాయంత్రం పానాలు, రెంచీలు ఉన్న సంచి భుజానికేసుకుని బయటికి నడిచాడు. తుకుం అనే ఈ పేటలో నాలుగు రేకులు పాతుకుని కూర్చున్నాడు. ఇంక అక్కణ్ణుంచి లేవలేదు.

మనిషి పొట్టి. నెత్తిన వెంట్రుక లేదు. మోకాలి దాకా మడిచిన ఖాకీ ప్యాంటు, జేబులో చిన్న టార్చి. కళ్ళజోడు జన్మలో పెట్టలేదు. పెట్టుకోమని ఎవరైనా అంటే, "నేను పుస్తకం చదువుతున్ననా? పన్ను చదువుతున్న. అది నా ఏలంత ఉంటది" అనేవాడు. ఈ కళ్ళజోడు ముచ్చట దగ్గరికి మళ్ళీ వస్తాను. రాకుండా దాటేయాలని నాకూ ఉంది. కానీ దాటేస్తే ఇది రాయడమే దండగ.

ఇరుసు పని చూడనివాళ్ళకు రెండు ముక్కలు చెబుతాను. వెనక చక్రాలతో నడిచే పాత కార్లలో ఇరుసు నడుమ రెండు గేర్లుంటాయి. పెద్దది పళ్ళెంలా ఉంటుంది, దాన్ని క్రౌన్ అంటాం. చిన్నది మొక్కజొన్న పొత్తు తలలా ఉంటుంది, దాన్ని పినియన్ అంటాం. ఈ రెండింటినీ తయారైన చోటే ఒకదానితో ఒకటి రాపిడి పెట్టి, రెండింటి మీదా ఒకే అంకె చెక్కి పంపుతారు. రాజలింగన్న భాషలో అవి ఆలుమగలు. ఒక ఇంటి ఆలిని ఇంకో ఇంటి మగనికి కట్టబెడితే జన్మంతా కొట్లాటే.

ఒకసారి తెల్లబట్టలాయన ఒకడు, కారు ముందు జెండా కట్టుకుని వచ్చాడు. ఒక తుక్కు దుకాణంలో క్రౌన్, ఇంకో తుక్కు దుకాణంలో పినియన్ కొనుక్కొచ్చి బిగించమన్నాడు. రాజలింగన్న తిప్పి చూశాడు. "అంకెలు కలుస్తలేవు."

"పండ్ల లెక్క సరిపోయింది గద ఉస్తాద్?"

"పండ్లు నాకు ముప్పై రెండు, నీకు ముప్పై రెండు. గట్లని నా పండ్లు నీ నోట్ల పెడ్తమా?"

"నేనెవ్వలనో ఎరికేనా నీకు?"

"నువ్వు ఎరికలేవు గని, బండి ఎరికే. బండి మంచిది."

జెండా బండి వచ్చిన దారినే పోయింది. పదకొండుమందిలో ఆయన మూడోవాడు.

ఇక మా షెడ్డులో జరిగే అసలు పూజ గురించి చెప్పాలి. గేర్లు సరిగ్గా కూర్చున్నాయో లేదో కంటికి కనబడదు. పళ్ళకు రంగు పూసి, చేత్తో తిప్పి, ఒకదాని పన్ను ఇంకోదాని మీద ఎక్కడ మచ్చ వేసిందో చూడాలి. పెద్ద ఊళ్ళలో దానికి గొట్టాల్లో రంగు అమ్ముతారట. మా దగ్గర హనుమంతుడి సింధూరం. దాన్ని ఆముదంలో కలిపి కుంచెతో పళ్ళకు రాస్తాం. పినియన్ వెనక కాగితం మందం ఉక్కు పొరలుంటాయి. పొర వేస్తే పినియన్ లోపలికి జరుగుతుంది, తీస్తే వెనక్కి వస్తుంది. మచ్చ పన్ను అడుగున పడితే మరీ లోపలికి దూరిందన్నమాట, ఒక పొర తీయాలి. కొసకు పడితే దూరంగా ఉందన్నమాట, ఒక పొర వేయాలి. నడుమ పడితే దండం పెట్టుకుని మూత బిగించాలి. ఇంతే శాస్త్రం. ఈ ఇంత శాస్త్రం ఒంటబట్టడానికి నాకు పదేళ్ళు పట్టింది.

ఆ సింధూరం కలిపేది కనకవ్వ వదినె, రాజలింగన్న ఇల్లాలు. చిక్కనైతే మచ్చ అలుక్కుపోతుంది, పల్చనైతే జారిపోతుంది. ఇల్లు షెడ్డు వెనకనే. వదినె రోటి పచ్చడి నూరుతూ నూరుతూ లేచి వచ్చి, గిన్నెలో వేలు పెట్టి నాలుగు తిప్పులు తిప్పి పోయేది. ఒకసారి నేను కలిపాను. రాజలింగన్న చూసి, "ఇది సింధూరమా, గోడకు వేసే సున్నమా? లే, మీ వదినెను పిలు" అన్నాడు. చుట్టుపక్కల నాలుగు తాలూకాల్లో మా ఇరుసులు చప్పుడు లేకుండా తిరిగాయంటే, అందులో సగం యశస్సు ఆ వేలిది.

భాస్కర్రావు పటేల్‌ను మొదటిసారి చూసింది కూడా ఈ సింధూరం వల్లనే. కోర్పనా వైపు పత్తి రైతు, తాతల కాలం నుంచి అక్కడే ఉన్న తెలుగు కుటుంబం. ఆ పొడుగు ముక్కు కాంటెస్సా అంటే ఆయనకు ప్రాణం. కొత్తలో అది రోడ్డెక్కితే మిగతా కార్లు పక్కకు తప్పుకునేవి. కొన్నేళ్ళ కింద బేరింగు మార్పించడానికి తెచ్చాడు. లోపలికి తొంగి చూస్తే ఇరుసులో పళ్ళన్నీ ఎర్రగా సింధూరం పూసుకుని మెరుస్తున్నాయి. పాపం, భక్తిపరుడు. పూజ జరుగుతోంది కాబోలనుకున్నాడు. మేము చాయ్ తాగడానికి అవతలికి పోయాం. తిరిగొచ్చేసరికి ఇరుసు అంచుకే కొబ్బరికాయ కొట్టి చేతులు జోడించి నిలబడ్డాడు. నీళ్ళన్నీ గేర్లలోకి పోయాయి.

రాజలింగన్న నెత్తి పట్టుకున్నాడు. "పటేల్, దేవునికి బయట పెట్టు. ఇరుసుకు నూనె పెట్టు. ఇద్దరికి ఒకటే పళ్ళెంల వడ్డిస్తవా?" మొత్తం మళ్ళీ విప్పి, కడిగి, ఆరబెట్టి, మరునాడు బిగించాం. పటేల్‌కు కోపం రాలేదు. అక్కణ్ణుంచి ఆ కారును ఇంకొకరి చేతికివ్వలేదు.

ఇప్పుడు ఆఖరి పనికి వస్తాను. పోయిన ఏడాది పటేల్ అల్లుడు ఎత్తుగా ఉండే కొత్త కారు కొన్నాడు. ఇద్దరూ జివతి గుట్ట ఎక్కారు. కాంటెస్సా నాలుగు మలుపులు ఎక్కి ఆయాసపడింది. పైన అల్లుడు బానెట్ మీద కూర్చుని ఎదురు చూస్తున్నాడు. "మామా, దీన్ని తుక్కుకు ఇచ్చెయ్. దీనికి గుట్టలెందుకు, కోళ్ళు పండుకోనీకి మంచిగుంటది" అన్నాడట. పటేల్ నేరుగా షెడ్డుకు వచ్చి, కూర్చోకుండానే ఈ మాట చెప్పాడు.

రాజలింగన్న నవ్వలేదు. "ఇంజను ముసల్ది కాలేదు పటేల్. ఇరుసు పెద్ద పెద్ద అంగలు వేస్తుంది. గుట్ట ఎక్కేటోడు చిన్న అంగలు వెయ్యాలె. గేర్లు మారుద్దాం."

పాత జతలో పెద్దదానికి నలభై మూడు పళ్ళు, చిన్నదానికి పదకొండు. కొత్త జతలో నలభై ఒకటి, తొమ్మిది. అంటే చక్రం ఒక్క చుట్టు తిరగడానికి ఇంజను నుంచి వచ్చే రాడ్డు ఇదివరకు నాలుగు చుట్లు కూడా తిరిగేది కాదు, ఇక నాలుగున్నర తిరుగుతుంది. లాగుడు పెరుగుతుంది, పరుగు తగ్గుతుంది.

"స్పీడు తగ్గుతదా అన్నా?" పటేల్ బెంగగా అడిగాడు.

"తగ్గుతది. నూట నలభై వొయ్యేది నూట ఇరవై వోతది. నువ్వు పత్తి అమ్మ వోతవా, ఇమానం ఎక్క వోతవా?"

ఒకే అంకె ఉన్న జత దొరకడానికి ఎనిమిది నెలలు వెతికించాడు. కలవని జతలు మూడుసార్లు వస్తే మూడుసార్లూ వాపసు పంపాడు. ఆఖరుకు జత దొరికిన రోజు ఆ రెండింటినీ ఒళ్ళో పెట్టుకుని, అంకెల మీద వేలు ఆడిస్తూ కూర్చున్నాడు. వేలితో ఎందుకు తడిమి చూశాడో అప్పుడు నేను అడగలేదు. అడగాల్సింది.

ఆ జత బిగిస్తుండగానే ఆయన పోయాడు.

పెద్దకర్మ కాకముందే తుకుం చౌరస్తాలో ఒక మాట తిరగడం మొదలైంది. "ముసలాయన వోయిండు. ఇగ గేర్ల పనికి నాగపూరే." పానాలు ఎత్తుకుపోతామని ఇద్దరు తుక్కువాళ్ళు వచ్చారు. ఇరుసు తెరిచి, స్టాండ్ల మీద, నోరు తెరుచుకుని నిలబడ్డ ఆ కారును చూసి తలలూపి పోయారు. వదినె అన్న మొండయ్య మంచిర్యాల వైపు నుంచి వచ్చాడు. పాత లారీ డ్రైవరు. చెల్లె మీద ప్రేమ ఉంది. ఆ ప్రేమ అంతా గొంతులోనే ఉంది.

"చెల్లె, షెడ్డు అమ్మేద్దాం. నా ఎంబడి ఊరికి రా. సచ్చిపోయినాయన సగం పని ఎవ్వలు ముట్టద్దు, అరిష్టం."

వదినె తల ఎత్తలేదు. "సగం పని ఆయనది. బండి పటేల్‌ది. పటేల్ సగం బండి ఏం జేసుకుంటడన్నా?"

"ఎవ్వలు చేస్తరు మరి?"

"పోచం చేస్తడు."

మొండయ్య నన్ను కిందనుంచి పైదాకా చూశాడు. ఆ చూపుకు నాకే నా మీద నమ్మకం సగం తగ్గింది. ఆఖరుకు అన్నాడు: "సరే. నీ మొండితనం నాకెరికే. ఆ బండి సప్పుడు లేకుంట వోతే షెడ్డు ఉంచుకో. ఏడ్చిందనుకో, తాళమేసి నా ఎంబడి రావాలె. మాటియ్యి."

"ఇచ్చిన" అంది వదినె. నన్నొక మాటైనా అడగలేదు.

దాపరికం లేకుండా చెబుతున్నాను. తాళం పడితే నేను ఇంకెక్కడైనా రెంచి పట్టుకుని బతుకుతాను. వదినెకు ఆ షెడ్డు తప్ప ఈ ఊళ్ళో తనదనేది ఏదీ లేదు. పిల్లలు లేరు. ఎవరి ఇంట్లోనో మూలన కూర్చుని ముద్ద తినే మనిషి కాదామె.

పెద్దకర్మ అయిన మరునాడు షెడ్డు తెరిచాం. వదినె సింధూరం డబ్బా తీసింది. మొండయ్య ఎగిరిపడ్డాడు. "ఏందే గది! నీకిప్పుడు సింధూరం ముట్టుడు ఉన్నదా?"

వదినె డబ్బా మూత తిప్పుతూనే ఉంది. "ఇది నొసటికి కాదన్నా, పంటికి. ఎవ్వలు కలిపిన్రని గేరు అడుగది."

వేలు పెట్టి నాలుగు తిప్పులు తిప్పింది. ఆ క్షణంలో నాకు కళ్ళు చెమర్చాయి. ఆముదం ఘాటు అనుకోండి.

ఇక నా తప్పు. పెద్దాయన ఆఖరి మాట "ఒక పొర తియ్యాలె." అది నాకు వీలునామాతో సమానం. తీశాను. సింధూరం పూసి తిప్పాను. మచ్చ అలుక్కుపోయినట్టుంది గానీ, కొస వైపు జరిగినట్టు కనిపించింది. అంటే తీయకూడని పొర తీశానన్నమాట. నా కన్ను అది చూసింది. నా చెయ్యి మాత్రం ఆగలేదు. ఉస్తాద్ చివరి మాటను సరిదిద్దడానికి నేనెవణ్ణి? దండం పెట్టుకుని మూత బిగించాను.

పడోలి రోడ్డు మీదికి తీశాం. నేను తోలుతున్నాను, మొండయ్య పక్కన, పటేల్ వెనక. రాజలింగన్న నియమం ప్రకారం, ఇరుసు చప్పుడు వినేటప్పుడు ఎవరూ మాట్లాడకూడదు. నలభై దగ్గర ఇరుసు సన్నగా గొణిగింది. అరవై దగ్గర శంఖం ఊదింది. పటేల్ మర్యాదస్తుడు, కిటికీలోంచి దున్నిన చేలు చూస్తున్నట్టు నటించాడు. మొండయ్య మాత్రం నా చెవి దగ్గరికి వంగాడు. ఆశ్చర్యం, ఆయన గొంతులో గెలిచిన సంతోషం లేదు.

"పోచం, చెల్లె మొఖం నేను చూడలేను. షెడ్డు అటకన రంపపు పొట్టు ఉన్నదా? రెండు పిడికిళ్ళు వెయ్యి. పటేల్‌కు ఏం తెలుస్తది? నేను గూడ ఇననట్టే ఉంట."

ఒక్క క్షణం ఆలోచించాను. ఆలోచించలేదని రాస్తే అబద్ధం. రెండు పిడికిళ్ళతో వదినె షెడ్డు నిలబడుతుంది. కానీ ఏ షెడ్డు? రంపపు పొట్టు వేయనన్నందుకు పుట్టిన షెడ్డు.

"బావా, నువ్వు పెద్దోనివి" అన్నాను. "ఆ మాట అనలేదనుకుంట. నేను గూడ ఇననట్టే ఉంట."

వెనక్కి వచ్చేసరికి వదినె గుమ్మంలో నిలబడి ఉంది. అడగలేదు. బండి సందు మలుపులో ఉండగానే దాని మోత విన్నది. నేను ఇరుసు విప్పుతుంటే పక్కన పీట వేసుకుని కూర్చుంది.

"ఆయన ఏం చెప్పిండు నీకు?" అంది.

"ఒక పొర తియ్యమన్నడు వదినె. తీసిన."

"పన్ను ఏం చెప్పింది?"

నేను ఇరుసు మీద వంగి ఇంకో బోల్టు విప్పాను.

"ఇరవై ఆరేండ్లు నీకు ఏం నేర్పిండు? నా మాట ఇను అని నేర్పిండా, పంటి మాట ఇను అని నేర్పిండా?"

నిజమే. రోజుకు నాలుగుసార్లు అనేవాడు: "నా మాట ఇనకురా. నేను మనిషిని, యాష్ట ఉంటది, కోపం ఉంటది. పంటికేముంటది? అది చూసింది చెప్తది." మేము దాన్ని వినీ వినీ నవ్వుకునేవాళ్ళం.

వదినె కొంగుతో మొహం తుడుచుకుంది. "ఇంకోటి చెప్పాలె. ఆయనకు రెండేండ్ల సంది కండ్లు కనవడ్తలేవు. నాకు చెప్పలే. నాకెరుకైందని నేను చెప్పలే. మచ్చ కానరాక తిప్పలవడ్తుంటే చూడలేక, నేనే సింధూరం చిక్కగ కలుపవడ్తి. గట్లనన్న కనవడ్తదని."

రెంచి కింద పెట్టాను. "నాకూ ఎరికే వదినె. ఆయన ఇంట్లకు వోయినంక ప్రతి ఇరుసు నేను మళ్ళ చూస్తుంటి. చూసి సరిచేస్తుంటి. ఆయనకు చెప్పలే. నీకు చెప్పలే."

చిక్కటి సింధూరం పళ్ళ అడుగుకు జారి ముద్దకడుతుంది. అసలు మచ్చ నడుమ ఉన్నా అడుగున ఉన్నట్టు చూపిస్తుంది. ఆ ఉదయం రాజలింగన్న మసకబారిన కళ్ళకు కనబడింది ఆ ముద్దే. అందుకే "తియ్యాలె" అన్నాడు. రోజూ లాగా ఆయన వెనక తిరిగి చూసే వ్యవధి ఆ రోజు నాకు దొరకలేదు. ఆయన పోయాక చూసే ధైర్యం రాలేదు. అలవాటు కొద్దీ వదినె ఇవాళ కూడా చిక్కగానే కలిపింది.

"అంటే ముగ్గురం ముగ్గురికి తెల్వకుంట దాసినం" అంది వదినె. అని ఒక్కసారిగా నవ్వింది. పెద్దకర్మ ఇంట్లో అంత పెద్ద నవ్వు విని మొండయ్య బయటినుంచి పరిగెత్తుకొచ్చాడు. వచ్చేసరికి ఇద్దరం ఏడుస్తున్నాం. ఆయనకు ఏమీ అర్థం కాలేదు. మాకూ చెప్పడం చేతకాలేదు.

వదినె పాత సింధూరం తుడిచేసి, కొత్తగా కలిపింది. ఈసారి పెళ్ళైన కొత్తలో కలిపినట్టు, పల్చగా. నేను తీసిన పొరను డబ్బాలోంచి తీశాను. ఆ డబ్బా మీద ఆయన చేతిరాత ఉంది, వంకరటింకర తెలుగులో. పొరను తుడిచి, కళ్ళకద్దుకుని, తిరిగి దాని చోట పెట్టాను. గురువు ఆఖరి మాటను కాదన్నాను. నా జన్మలో ఆయన చెప్పినట్టు విన్నది ఆ ఒక్కసారే అనిపించింది.

తిప్పాం. మచ్చ పన్ను నడుమ చింతగింజంత, స్పష్టంగా పడింది. ఇటు వైపూ నడుమనే, అటు వైపూ నడుమనే. వదినె చూసి లేచి, పీట తీసుకుని లోపలికి పోయింది. పచ్చడి నూరే చప్పుడు వినిపించింది.

మరునాడు పడోలి రోడ్డు కాదు, నేరుగా జివతి గుట్టకే తీశాం. వదినె ముందు సీట్లో, మొండయ్య, పటేల్ వెనక. పడోలి దాటాం. నలభై, అరవై, ఎనభై. గేర్లు మారాయి గనక స్పీడు ముల్లు ఇప్పుడు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఎనభై అంటే డెబ్బై లోపే. మార్చి ఇస్తానంటే పటేల్ వద్దన్నాడు. "ఉండనీ తమ్మీ. అల్లునికి చూపియ్యాలె." గుట్ట మొదలైంది. ఆయాసపడిన నాలుగో మలుపు వచ్చింది. కాంటెస్సా చిన్న చిన్న అంగలు వేసుకుంటూ, పెరట్లో నడిచినట్టు ఎక్కింది. వెనక ఇరుసు ఉన్నట్టే లేదు. మొండయ్య తీర్పు కోసం అద్దంలో చూశాను.

ఆయన నిద్రపోతున్నాడు. ముప్పై ఏళ్ళు లారీ తోలిన మనిషి, ఇరుసు మీద నోరు తెరుచుకుని గురక పెడుతున్నాడు. చప్పుడంటే ఆ బండిలో అదొక్కటే.

పైన ఆగితే కళ్ళు నులుముకున్నాడు. "వచ్చినమా?" అన్నాడు. వదినె వెనక్కి తిరిగింది. "వచ్చినం అన్నా. నువ్వొక్కనివే ఊరికి వో. నాకు షెడ్డుల పనున్నది."

పటేల్ సంచిలోంచి కొబ్బరికాయ తీశాడు. కారుకు పది అడుగుల దూరం నడిచి ఆగాడు. "తమ్మీ, ఇక్కడ కొట్టొచ్చునా?"

"ఇంకొంచెం దూరం పటేల్."

ఇంకో పది అడుగులు పోయి కొట్టాడు.

ఇది రాస్తున్న రోజుకు తుకుం చౌరస్తాలో ఆయన ఫొటోతో బ్యానరు ఇంకా వేలాడుతోంది. కింద "తీరని లోటు" అని పెద్ద అక్షరాలు. సంఘం పెద్దలు కూడా ఈ వ్యాసం ఆ మాటతోనే ముగించమన్నారు. ఆయన అభిమానులందరికీ, ముఖ్యంగా ఆ పదకొండుమందికీ మనవి చేస్తున్నాను. లోటు నిజమే. ఆయన లాగా తిట్టేవాళ్ళు ఈ జిల్లాలో ఇక లేరు. నా పరాచికాలకు జవాబు చెప్పే నోరు మళ్ళీ పుట్టదు. పాత టైరు మీద ఎవరూ కూర్చోవడం లేదు, నేనూ కూర్చోను. కానీ ఆయన పోయాడు గనక ఇక నాగపూరే గతి అనేవాళ్ళకు మాత్రం, ఆయన పేరు మీద, ఆయన గొంతుతోనే చెబుతున్నాను: బండి తీసుకుని రండి. షెడ్డు తెరిచే ఉంది. వదినె సింధూరం పల్చగా కలుపుతోంది. కలవని జత తెస్తే ఆయన పంపినట్టే మేమూ వెనక్కి పంపుతాం. మీరెవరైనా సరే.

అన్నా, రాజలింగన్నా, నువ్వు లేని లోటు మా గుండెల్లో మోగుతూనే ఉంటుంది, మోగనీ. ఇరుసులో మాత్రం మోగనివ్వం.